ముసలి పిల్లికి కిడ్నీ జబ్బు: నాన్న పథ్యమే దానికీ పెట్టాను, తిండి మానేసింది

నల్లగొండ_మల్లి_ఇల్లు:

అందరికీ నమస్తే. మాది నల్లగొండ. మా మల్లికి 14 ఏళ్లు. పిల్లగా ఉన్నప్పుడు వానలో తడిసి ప్రహరీ పక్కన అరుస్తుంటే నాన్న తువ్వాలలో చుట్టుకొని తెచ్చారు, అప్పటి నుంచి ఇంట్లో మనిషే. ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి గిన్నెలో నీళ్లు ఊరికే అయిపోతున్నాయి, ఎండలకు తాగుతోందేమో అనుకున్నాం. ఇసుక డబ్బా కూడా రోజుకు రెండుసార్లు మార్చాల్సి వస్తోంది. వీపు నిమిరితే వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయని అమ్మ చెబితే అప్పుడు తూకం వేశాం, పోయిన సంవత్సరం 4.2 కిలోలు ఉన్నది ఇప్పుడు 3.1.

హైదరాబాద్ తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాం. క్రియాటినిన్ (కిడ్నీ బయటకు పంపాల్సిన వ్యర్థం) 3.4, ఫాస్ఫరస్ 6.3, పొటాషియం 3.2. కిడ్నీ జబ్బు మూడో దశ, రీనల్ ఫుడ్ (కిడ్నీ జబ్బు పిల్లుల కోసం చేసే తిండి) పెట్టండి అని రాసిచ్చారు. బయట చాలామంది కూర్చొని ఉన్నారు, దాన్ని బుట్టలో పట్టుకొని అది అరుస్తుంటే నేను అడగాల్సినవి సగం కూడా అడగలేకపోయాను.

అసలు సమస్య ఏంటంటే మా నాన్నకు రెండేళ్లుగా కిడ్నీ సమస్య ఉంది, ఆ పథ్యం ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. మాంసం తగ్గించాలి, పప్పు తగ్గించాలి, ఉప్పు వద్దు, కూరగాయలు ఉడికించి నీళ్లు వంచెయ్యాలి. మల్లికీ అదే కదా జబ్బు అని కోడికూర పూర్తిగా మానేసి మెత్తటి అన్నంలో కొంచెం పెరుగు, ఉడికించిన సొరకాయ కలిపి పెట్టాను. వాసన చూసి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. తర్వాత రీనల్ గింజలు తెప్పించి పాతవన్నీ తీసేసి అవే పెట్టాం, అవీ ముట్టలేదు. నిన్న పొద్దున నుంచి రెండు చెంచాల కోడి నీళ్లు తప్ప లోపలికి ఏమీ పోలేదు. అమ్మేమో కార్జం పెడితే తింటుంది, ప్రాణం పోయాక పథ్యం ఎవరికి అంటోంది. నేను వద్దంటున్నాను. ఇద్దరం దీని మీద మాట్లాడుకోవడం కూడా మానేశాం. చాలా టెన్షన్‌గా ఉంది, అసలు మాంసం పెట్టొచ్చా, పెట్టకూడదా? తెలిసినవాళ్లు చెప్పండి.


పాలమూరు_పిల్లులు:

అక్కా, మిగతావన్నీ తర్వాత, ఈ రాత్రి అది ఏది తింటే అది పెట్టండి. ఉడికించిన కోడి తునక, పాత గింజలు, ఏదైనా సరే. పిల్లి రెండు మూడు రోజులు పస్తు ఉంటే ఒంట్లో కొవ్వంతా కరిగి లివర్‌కు చేరి అక్కడ పేరుకుపోతుంది, అది కిడ్నీ కంటే ముందే ప్రాణం మీదకు తెస్తుంది. మనిషి ఒక పూట లంకణం ఉంటే మంచిదంటారు కదా, పిల్లికి ఆ లెక్క పనికిరాదు. రేపు మధ్యాహ్నానికి కూడా తినకపోతే మాత్రం ఇంటి దగ్గర చూస్తూ కూర్చోవద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

నాన్నగారి పథ్యం గురించి. మీరు ప్రేమతోనే చేశారు, నేనూ మొదట్లో అదే చేశాను, మా అత్తకు డయాలసిస్ జరిగేది కాబట్టి నాకూ ఆ పట్టిక అంతా తెలుసు. కానీ పిల్లి పూర్తిగా మాంసం మీద బతికే జంతువు. టారిన్ అనే పదార్థం దానికి తిండిలో నుంచే రావాలి, అది మాంసంలోనే ఉంటుంది, లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. మాంసం మొత్తం ఆపేస్తే అది తన కండనే కరిగించుకుంటుంది. మల్లి వెన్ను తగులుతోందన్నారు కదా, ఇప్పటికే కండ పోతోందన్నమాట, ఇంకా పోనివ్వకూడదు. దీనికి తగ్గించాల్సింది ముఖ్యంగా ఫాస్ఫరస్. రీనల్ ఫుడ్‌లో చేసేది కూడా అదే, ప్రొటీన్ కొంచెమే తగ్గించి అందులో మంచి రకం ఉంచుతారు, ఫాస్ఫరస్ బాగా తగ్గిస్తారు, చేపనూనె కలుపుతారు, పొటాషియం కూడా వేస్తారు.

కాబట్టి అమ్మగారితో గొడవ పడకండి, మాంసం పెట్టమనడంలో ఆమె మాట నిజం. కానీ కార్జం వద్దు, దానిలో ఫాస్ఫరస్ ఎక్కువ. ఎముకతో నమిలే చిన్న చేపలు, ఎండు చేపలు, ఎండు రొయ్యలు అసలే వద్దు, ఎముకలో ఫాస్ఫరస్, పైన ఉప్పు. మన దగ్గర పిల్లికి చేప తలకాయ వేయడం అలవాటు కదా, అదీ మానేయాలి. గుడ్డులో పచ్చసొన వద్దు, తెల్లసొన ఉడికించి పెట్టొచ్చు. పాలు, పెరుగులో కూడా ఫాస్ఫరస్ ఉంటుంది, చాలా పిల్లులకు పాలు అరగవు కూడా. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పడ్డ కూర ఒక్క ముక్క కూడా వద్దు, దాని రక్తాన్ని పాడు చేస్తాయి, కడిగి పెట్టినా సరే వద్దు. ఎముక లేని కోడి ముక్కలు చిన్నగా కోసి నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి ముక్కలే పెట్టండి, ఫాస్ఫరస్ కొంత నీళ్లలోకి దిగిపోతుంది. మీరు ఇప్పుడు పెడుతున్నది ఆ నీళ్లే కదా, సరిగ్గా తిరగేసి చేస్తున్నారు అక్కా. కానీ ఒట్టి కోడి మీదే నెలల తరబడి నడపకూడదు, క్యాల్షియం ఉండదు, ఇంకా చాలా ఉండవు. ఇది రీనల్ ఫుడ్‌కు అలవాటు పడేదాకానే.

అలవాటు ఎలా చేయాలంటే తొందర లేకుండా చేయాలి. ఒకేసారి మార్చారు కాబట్టే ముట్టలేదు. కడుపులో వికారంగా ఉన్నప్పుడు కొత్త తిండి పెడితే ఆ వాసనకే జబ్బును ముడి పెట్టుకుంటుంది, తర్వాత ఎంత ఆకలైనా దాని జోలికి రాదు. ముందు వికారం తగ్గాలి, మూతి నాకుతూ ఉండటం, గిన్నె దాకా వచ్చి తిరిగి వెళ్లడం, లాలాజలం కారడం ఇవన్నీ వికారం గుర్తులే, దానికి డాక్టర్లు మందు ఇస్తారు, తప్పకుండా అడగండి. మామూలుగా తినడం మొదలుపెట్టాక పాత తిండిలో చిటికెడు కొత్తది కలపండి, నాలుగు రోజులు అలాగే ఉంచి ఇంకో చిటికెడు పెంచండి. మా దానికి 5 వారాలు పట్టింది. మధ్యలో ఒకరోజు మొండికేస్తే ఒక మెట్టు వెనక్కి వచ్చేదాన్ని, అంతే.

గింజల కంటే తడి ప్యాకెట్ మేలు, గింజల్లో నీళ్లు నూటికి పది వంతులు కూడా ఉండవు, తడిదాంట్లో ముప్పావు భాగం పైగా నీళ్లే. ప్యాకెట్‌ను వేడినీళ్ల గిన్నెలో రెండు నిమిషాలు ఉంచి గోరువెచ్చగా చేస్తే వాసన లేస్తుంది, ముసలి పిల్లికి ముక్కు సరిగ్గా పనిచేయదు కాబట్టి ఈ చిన్న పని చాలా పెద్ద తేడా చేస్తుంది. దాంట్లోనే ఇంకో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలపండి. ఒకేసారి గిన్నె నిండా వద్దు, రోజుకు ఐదారుసార్లు రెండేసి చెంచాలు. మన ఎండలకు తడి తిండి గంట కూడా ఆగదు, మిగిలితే తీసేయండి. నీళ్లు మట్టి మూకుళ్లలో నాలుగు చోట్ల పెట్టండి, తిండి గిన్నెకు దూరంగా. అది ఎంత తాగినా ఆపొద్దు, ఉచ్చ ఎక్కువ పోస్తోందని నీళ్లు తగ్గించినవాళ్లను చూశాను, దాని కిడ్నీ నీటిని పట్టి ఉంచలేక వదిలేస్తోంది కాబట్టే అది తాగుతోంది, తాగనివ్వకపోతే రెండు రోజుల్లో ఎండిపోతుంది.


మిర్యాలగూడ_తమ్ముడు:

అక్కా, మా ఊర్లో కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు తెల్ల గలిజేరు ఆకు రసం తాగుతారు, మా పెదనాన్న కూడా తాగుతారు. పిల్లికి ఒక చెంచా పట్టించి చూడండి. పొటాషియం తక్కువ అన్నారు కదా, కొబ్బరినీళ్లలో అది బాగా ఉంటుంది, సిరంజితో పోయొచ్చు. మల్లి కోలుకోవాలని కోరుకుంటున్నాను.


సూర్యాపేట_పశువైద్యం:

నేను పశువైద్యుడిని. గేదెలు, గొర్రెల మధ్యే ఎక్కువ పని, కానీ పిల్లుల కేసులు ఈ మధ్య మా దగ్గరికి బాగా వస్తున్నాయి, అందుకే రాస్తున్నాను. మీ పిల్లిని చూసిన డాక్టర్ మాటే చివరి మాట.

తమ్ముడూ, మంచి మనసుతో చెప్పావు కానీ గలిజేరు రసం వద్దు. పిల్లికి ఎంత మోతాదు అన్న లెక్క లేదు, పైగా బలవంతంగా నోట్లో పోస్తే రేపటి నుంచి మనిషి గిన్నె పట్టుకొని వస్తుంటేనే మంచం కిందకు దూరుతుంది. తిండి మీద ఉన్న కాస్త నమ్మకం పోతుంది. కొబ్బరినీళ్లు కూడా వద్దు. పొటాషియం 3.2 అంటే తక్కువే, అది తగ్గితే నీరసం, మెడ కిందకు వాలిపోవడం, మలబద్ధకం వస్తాయి, ఆకలి ఇంకా చచ్చిపోతుంది. దీనికి పొటాషియం మందు పొడిగానో ద్రవంగానో ఉంటుంది, పరీక్ష చూసి మోతాదు వేస్తారు. జబ్బు ముదిరినప్పుడు ఇదే పొటాషియం పెరిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి అంచనాతో పోయకూడదు.

అమ్మా, మీ నంబర్ల విషయం. ఐరిస్ అనే అంతర్జాతీయ కిడ్నీ వైద్యుల బృందం పెట్టిన కొలతల ప్రకారం పిల్లుల్లో క్రియాటినిన్ 1.6 నుంచి 2.8 రెండో దశ, 2.9 నుంచి 5.0 మూడో దశ, ఆపైన నాలుగు. మీది మూడో దశ మొదట్లో ఉంది. మనుషుల రిపోర్టులో 3.4 చూస్తే గుండె ఆగిపోతుంది, నాన్నగారి రిపోర్టులు చూసిన కళ్లతో దీన్ని చూసి భయపడకండి, ఈ దశలో పిల్లులు సరైన తిండితో చాలా కాలం బతుకుతాయి. ఒకటి గుర్తుంచుకోండి, క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది కాబట్టి పిల్లి చిక్కిపోయేకొద్దీ ఆ నంబర్ ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. వచ్చేసారి 3.1 వచ్చిందని సంబరపడే ముందు తూకం చూడండి. ఎస్‌డీఎంఏ అనే కిడ్నీ రక్తపరీక్షకు కండతో సంబంధం లేదు, వీలైతే అది కూడా చేయించండి.

ఫాస్ఫరస్ 6.3 ఉంది, మూడో దశలో దాన్ని 5 కంటే కిందకు తేవాలి. ముందు తిండితోనే ప్రయత్నిస్తాం. ఆరు నుంచి ఎనిమిది వారాలు రీనల్ ఫుడ్ తిన్నాక కూడా దిగకపోతే ఫాస్ఫరస్‌ను కడుపులోనే పట్టేసే మందు ఉంటుంది, అది తిండిలో కలిపితేనే పనిచేస్తుంది, ఖాళీ కడుపున వేస్తే వృథా. మెడికల్ షాపులో దొరికే గ్యాస్ టానిక్‌లో అదే అల్యూమినియం మందు ఉందని కొందరు పోస్తున్నారు, వాటిలో చాలావరకు మెగ్నీషియం కూడా కలిసి ఉంటుంది, దీనికి పనికిరాదు.

తిండి లెక్క చెప్తాను. మూడు కిలోల పిల్లికి రోజుకు 150 నుంచి 180 కిలో కేలరీలు కావాలి. గింజలైతే 40 నుంచి 45 గ్రాములు, వంటింటి త్రాసులో తూచి పొద్దున ఒక డబ్బాలో వేసుకోండి, రాత్రికి డబ్బాలో ఎంత మిగిలిందో చూస్తే ఎంత తిన్నదో తెలుస్తుంది. వాసన చూసింది, నాకింది, కొంచెం తిన్నది అని చెబితే మాకు ఏమీ అర్థం కాదు. తడివైతే 85 గ్రాముల ప్యాకెట్లు రెండు దాకా. వారానికి ఒకసారి ఒకే రోజు, ఒకే వేళకు తూకం రాసిపెట్టుకోండి. రాయల్ కానిన్ రీనల్, హిల్స్ కె/డి, ఫార్మినా వెట్‌లైఫ్ రీనల్, మూడింటిలో ఏది తింటే అదే మంచిది. తినని మంచి తిండి కంటే తినే మామూలు తిండి నయం, ఇది పుస్తకంలో మాట కూడా.

మందులు తిండిలో కలపకండి, ఫాస్ఫరస్‌ను పట్టేసే మందు, డాక్టర్ తిండిలో కలపమన్నవి తప్ప. చేదు తగిలితే గిన్నెనే వదిలేస్తుంది. గోలీ విడిగా వేయండి. నొప్పి, జ్వరం అనిపించి మన ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం ముక్క కూడా వేయొద్దు, పిల్లికి అది విషం. బీపీ చూశారా? చూడకపోతే అడగండి, ఈ జబ్బులో బీపీ పెరిగి ఒక్క రాత్రిలో చూపు పోయిన పిల్లులు ఉన్నాయి. మల్లి వయసుకు థైరాయిడ్, పళ్లు కూడా చూడాలి, చిగురు నొప్పితో తినలేకపోతుంటే మనం తిండి రుచి మార్చి లాభం లేదు.


దేవరకొండ_వెన్నెల:

మా వెన్నెల పోయి 7 నెలలు అయింది, 16 ఏళ్లు. అందుకే ఈ ప్రశ్న చూసి ఆగలేకపోయాను. ఒక్క విషయం చెప్పాలని ఉంది, పై ఇద్దరూ రాయనిది. చర్మం కింద సెలైన్ ఎక్కించడం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. మాకు హైదరాబాద్ పోయి రావడం అంటే ఒక రోజు పని, ఎండలో బస్సులో దాన్ని తిప్పితే ఇంటికి వచ్చేసరికి ఇంకా డీలా పడేది. డాక్టర్‌నే బతిమాలి నేర్చుకున్నాను. ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ అనే సెలైన్) బాటిల్ వెచ్చటి నీళ్ల బకెట్‌లో కొంచెంసేపు పెట్టి, దండెం కొక్కేనికి తగిలించి, రెండు భుజాల మధ్య చర్మం గుడారంలా ఎత్తి సూది గుచ్చడమే. ప్రతిసారి కొత్త సూది. ఎంత ఎక్కించాలి, రోజూనా రోజు విడిచి రోజా అన్నది వాళ్లే చెప్తారు, గుండె జబ్బు ఉంటే అసలు ఇవ్వరు కూడా. భుజం దగ్గర ఉబ్బి ఆ నీళ్లు కాలి వైపు జారితే భయపడకండి. మన దగ్గర అన్ని బాటిళ్లనూ గ్లూకోజ్ అనే అంటారు, షాపులో అలా అడిగితే నిజంగానే గ్లూకోజ్ ఇస్తారు, అది చర్మం కింద ఎక్కించకూడదు, ఆర్‌ఎల్ అని చూసి తెచ్చుకోండి. ఎక్కించిన గంటకు వెన్నెల లేచి వచ్చి తినేది, నీళ్లు ఒంట్లో ఉంటేనే ఆకలి.

చివరి పది రోజులు రీనల్ ఫుడ్ ఆపేశాను. కొర్రమట్ట ముల్లు తీసి పెట్టాను, దానికి చిన్నప్పటి నుంచి అదే ఇష్టం. డాక్టర్ కూడా సరే అన్నారు. మల్లి ఆ దశలో లేదు, దానికి ఇంకా చాలా టైం ఉంది, ఇప్పుడే ఆ దారి పట్టొద్దు.


నల్లగొండ_మల్లి_ఇల్లు:

24 రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. ఆ రాత్రే కోడి ఉడికించి నీళ్లు పారబోసి ముక్కలు గోరువెచ్చగా పెడితే ఎనిమిది ముక్కలు తిన్నది. అమ్మ పక్కన కూర్చొని లెక్కపెట్టింది. తెల్లారి డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడి వికారానికి మందు, పొటాషియం పొడి రాయించుకున్నాం. బీపీ చూడలేదని అప్పుడే తెలిసింది, పోయిన శనివారం వెళ్లి చూపించాం, కొంచెం ఎక్కువ ఉందని గోలీ ఇచ్చారు. సూర్యాపేట డాక్టర్‌గారూ, ఆ మాట మీరు రాయకపోతే మాకు తట్టేది కాదు.

గింజలు ముట్టట్లేదు, తడి రీనల్ ప్యాకెట్ మాత్రం కోడితో కలిపి మూడో వంతు దాకా వచ్చాం. మధ్యలో ఒకరోజు తొందరపడి సగం చేశాను, మళ్లీ వెనక్కి వచ్చాను. నిన్నటి తూకం 3.18 కిలోలు. ఎనభై గ్రాములే కానీ పెరిగింది.

నాన్న పొద్దున 5 గంటలకు తన గోలీలు వేసుకోవడానికి లేస్తారు, మొదటి రెండు చెంచాలు ఇప్పుడు ఆయనే పెడుతున్నారు. ప్యాకెట్ వేడినీళ్లలో పెట్టి, వేలితో చూసుకొని, గిన్నె దాని మూతి దగ్గర పట్టుకొని కూర్చుంటారు. నా పథ్యం నువ్వు తినకు బిడ్డా, నీది వేరే ఉందంట అని చెప్తారు దానికి. ఎంత తిన్నదో క్యాలెండర్ మీద తన షుగర్ నంబర్ పక్కనే రాస్తున్నారు.

ఒక సందేహం మిగిలింది. రాత్రిపూట కరెంటు పోతే ఫ్రిజ్‌లో విప్పిన ప్యాకెట్ పాడవుతోంది, సగం పారేయాల్సి వస్తోంది, ఖరీదు కూడా ఎక్కువ. ఎవరైనా ఏం చేస్తున్నారు?


పాలమూరు_పిల్లులు:

చాలా సంతోషం అక్కా, ఎనభై గ్రాములు చిన్న విషయం కాదు. ప్యాకెట్ విప్పగానే రెండేసి చెంచాల లెక్కన ఐస్ ట్రేలో వేసి గడ్డకట్టించండి. రెండు మూడు గంటలు కరెంటు లేకపోయినా ఫ్రీజర్ తలుపు తీయకుండా ఉంచితే కరగవు. కావాల్సినప్పుడు ఒక గడ్డ తీసి గిన్నెలో వేసి వేడినీళ్ల మీద పెట్టండి, ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టించొద్దు. పొద్దున 5 గంటల గడ్డను రాత్రే కింద ఫ్రిజ్‌లోకి మార్చి పెడితే నాన్నగారికి సులువు.